నీళ్ల మీద తేలిన ముక్క

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ మైనం పిన్ని అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ఆ పేరు పెట్టి పిలిచింది భర్త ఒక్కడే, ఆయన పోయి పదకొండేళ్లయింది. పిల్లల్లేరు. తోబుట్టువులు లేరు. మిగిలిందల్లా పరిశోధన విభాగం కింద, నేలమాళిగలో ఒక పొడవాటి గది, అందులో ఒక కోత మిషను, దాని ముందు గుండ్రటి స్టూలు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ స్టూలు ఆమెది. ఎవరైనా తెలియక కూర్చుంటే "బాబూ, అది పిన్ని సింహాసనం, లే లే" అని పక్కవాళ్లే లేపేవాళ్లు. రాణిగారికి సింహాసనమైతే ఉంది గానీ రాజ్యంలో పలకరించే పురుగు లేదు.

ఆమె పనేమిటంటారా? మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని పల్చగా కోయడం. బియ్యపుగింజంత ముక్క పైనుంచి సీసాలో వస్తుంది. దాన్ని మందునీళ్లలో నానబెట్టి, స్పిరిట్‌లో ముంచి తడి లాగేసి, కరిగిన మైనంలో ముంచి, గట్టిపడ్డాక అగ్గిపెట్టెలో సగం ఉండే దిమ్మగా తీస్తుంది. ఆ దిమ్మని మిషనుకి బిగించి చక్రం తిప్పితే బ్లేడు మీద నుంచి మైనం పొర జారుతుంది. ఎంత పల్చనంటే, తలవెంట్రుకని నిలువునా ఇరవై చీలికలు చేస్తే ఒక్క చీలికంత. ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోతుంది. ఆ పొరని కుంచెతో ఎత్తి పక్కనున్న గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది. అప్పుడు గాజుపలక నీళ్లలో ముంచి దాన్ని పైకి తీసుకోవాలి. తర్వాత రంగులద్దితే డాక్టర్లు సూక్ష్మదర్శినిలో చూసి జబ్బేమిటో చెబుతారు. ఆమె చేతిలో పొర చిరగదు, ముడత పడదు. "పిన్ని కోసిన స్లైడు అద్దంలా ఉంటుంది" అని డాక్టర్లు ఒప్పుకునేవాళ్లు. అలా అన్నవాళ్లెవరూ ఆ మెట్లు దిగి వచ్చి ఆ మాట ఆమెతో అనలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ మందులతోనే ముప్పై ఏళ్లు గడిపేసరికి ఆమె ముక్కు మొద్దుబారిపోయింది. పాలు విరిగాయో లేదో నాలుక మీద వేసుకుంటేగానీ తెలియదు. తన బట్టల్లోంచి వచ్చే ఘాటు తనకి తెలియదు, పక్కవాళ్లకి మాత్రం బాగా తెలుస్తుంది. క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు ఒక్క క్షణం నిలబడి, ఎవరో పిలిచినట్టు తల తిప్పి, ఇంకో బల్లకి వెళ్లేవాళ్లు. ఎవరూ పిలిచి ఉండరని ఆమెకి తెలుసు. బాధపడేది. రాను రాను అన్నం డబ్బా కిందనే, మిషను పక్కన తెరిచి తినడం అలవాటు చేసుకుంది.

ఆ పనికి ఒక నియమం ఉంది. ఒక దిమ్మ కోయడం అయిపోయి ఇంకోటి మొదలుపెట్టే ముందు, తొట్టిలోని నీళ్ల మీద మెత్తటి కాగితం పరిచి ఈ చివర నుంచి ఆ చివరకి లాగాలి. ముందరి దిమ్మ తాలూకు తునక ఏదైనా తేలుతూ ఉంటే కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. లాగకపోతే ఒకరి ముక్క ఇంకొకరి గాజుపలక మీదకి ఎక్కుతుంది. ఒకరి జబ్బు ఇంకొకరి నెత్తిన పడుతుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆమె చెప్పే మొదటి పాఠం అదే. "ఆకలేస్తే ఆగు, నిద్రొస్తే ఆగు, కాగితం లాగడం మాత్రం ఆపకు" అనేది.

అలాంటి మనిషి ఒక మంగళవారం కాగితం లాగడం మర్చిపోయింది.

అప్పుడు పైన జరుగుతున్న పరిశోధన రంగులు కొట్టేవాళ్ల మీద. బీరువాలకీ బండ్లకీ పిచికారీ మిషనుతో రంగు కొట్టేవాళ్లు ఏళ్ల తరబడి ఆ పొగ పీలుస్తారు. వాళ్ల ఊపిరితిత్తులు పీచులా ఎందుకు గట్టిపడతాయి, అందులోకి ఏ బూజు ముందు దిగుతుంది, కొత్తగా వచ్చిన మాత్ర ఆ గట్టిపడటాన్ని ఆపుతుందా లేదా అన్నది వాళ్ల ప్రశ్న. ఒప్పుకున్న ప్రతి మనిషి దగ్గరా ఊపిరితిత్తి ముక్క ఒకటి తీస్తారు. ఆ వేళ ఆమె ముందు మొత్తం యాభై దిమ్మలున్నాయి. నలభై ఒకటో దిమ్మ మాత్రం ఈ పరిశోధనది కాదు. పోలిక కోసం తెచ్చిన, క్యాన్సర్ ముదిరిన ఎవరిదో ఊపిరితిత్తి. దాని పొరలు తీసి చక్రం ఆపిందో లేదో, మెట్ల మీద చప్పుడైంది.

చిన్న డాక్టరమ్మ. ఆ విభాగంలో అందరికంటే చిన్నది, ఒక్కచోట నిలబడటం రాని పిల్ల. "పిన్నీ, పిన్నీ! మన వ్యాసం పెద్ద పత్రికలో పడింది! పైన అందరం కేకు కోస్తున్నాం. మీరూ రావాలి, లేవండి!"

ఆమెకి గుండె ఎగిరి గంతేసింది. ముప్పై ఒక్క ఏళ్లలో పైకి రమ్మని పిలుపు రావడం అదే మొదలు. ఏప్రాన్ విప్పింది, బీరువా అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంది, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

పైకి వెళ్లేసరికి అందరూ వరసగా నిలబడి ఉన్నారు. చిన్న డాక్టరమ్మ ఫోను ఆమె చేతిలో పెట్టింది. "అందరం పడాలి పిన్నీ, కాస్త వెనక్కి వెళ్లి తీయండి. మీ చెయ్యి అస్సలు వణకదు కదా!"

నేనైతే ఆ ఫోను బల్ల మీద పెట్టి వచ్చేసేవాణ్ణి. ఆమె మాత్రం ఓపిగ్గా ఆరు ఫొటోలు తీసింది. ఒకావిడ కళ్లు మూసుకుందని ఏడోది కూడా తీసింది. కాగితం పళ్లెంలో కేకు ముక్క ఇచ్చారు. ఒక పక్కన నిలబడి తిని, ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఇంకాసేపు ఉండి, కిందకి వచ్చేసింది. అయినా సంతోషమే. పిచ్చి మనిషి, పిలిచారుగా అనుకుంది. ఆ ఊపులోనే స్టూలెక్కి నలభై రెండో దిమ్మ బిగించి చక్రం తిప్పింది. నీళ్లు తేటగానే కనిపించాయి.

పది రోజులు గడిచాయి. శుక్రవారం పొద్దున చిన్న డాక్టరమ్మ ఖాళీ సీసాల కోసం కిందకి వచ్చి మాటల్లో అంది. "పాపం పిన్నీ, మన రంగులాయన ఒకరున్నారు చూడండి. ఊపిరితిత్తి కాస్త పీచుకట్టింది, బూజు కొద్దిగా ఉంది, మాత్రతో తగ్గుతుంది అనుకున్నాం. స్లైడు చూస్తే క్యాన్సర్! అంచున విడిగా ఒక చిన్న గుంపు. ఎవరం ఊహించలేదు. పోయిన శనివారమే ఆయనకి చెప్పేశాం. ఈ సోమవారం ఆపరేషన్, కుడివైపు సగం తీసేస్తారు."

"అంచునా?" అంది పిన్ని.

"అంచునే. పక్కన కండ అంతా మామూలుగా ఉంది. చిత్రం కదా?"

"నంబరెంత డాక్టరమ్మా?"

"నలభై రెండు."

డాక్టరమ్మ వెళ్లాక పిన్ని పుస్తకం తీసింది. ఏ దిమ్మ ఎన్ని గంటలకి కోసిందో రాసుకోవడం ఆమె అలవాటు. నలభై ఒకటి, పదకొండూ పది. నలభై రెండు, పదకొండూ యాభై. మధ్యలో నలభై నిమిషాలు, ఏడు ఫొటోలు, ఒక కేకు ముక్క. కాగితం లాగిన గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా లేదు.

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇంకో ఏడు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. రెండేళ్లు పొడిగించమని అర్జీ పెట్టుకుంది, అది సంతకానికి వెళ్లి ఉంది. ఈ మాట బయటపడితే పొడిగింపు మాట దేవుడెరుగు, ఆ స్టూలు మీద ఇంకొక్క రోజు కూడా కూర్చోనివ్వరు. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఈ భూమ్మీద ఆమెకున్న చోటు అదొక్కటే. చెప్పకపోతే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సగం ఊపిరితిత్తి ఊరికే పోతుంది. పైగా అది నిజంగా క్యాన్సరే అయితే? తను అడ్డుపడి ఆపరేషన్ ఆపించి ఆయన ప్రాణం తీసినట్టవుతుంది కదా? ఆ ఒక్క అనుమానాన్ని పట్టుకుని రోజంతా వేలాడింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

సాయంత్రం, గది అద్దెకిచ్చిన ఇంటావిడతో మెల్లగా కదిపింది. ఆవిడ కింది వాటాలో ఉంటుంది, మంచి మనిషే, కాకపోతే నోరు తెరిస్తే మూయదు. "ఏమండీ, ఎవరూ చూడకుండా ఒక తప్పు జరిగిపోయిందనుకోండి. చెప్పేయాలంటారా?"

ఇంటావిడ కళ్లు పెద్దవి చేసింది. "అయితే మేడ మీద మా పూలకుండీ పగలగొట్టింది నువ్వేనా వదినా? నేను పిల్లి అనుకుని పాపం దాన్ని వారం రోజుల్నుంచి తిడుతున్నాను!"

కుండీ సంగతి ఆమెకి తెలియనే తెలియదు. "నేనే" అనేసి పైకి వచ్చేసింది. గదిలో కూర్చుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. ఒక మాట అడగడానికి మనిషి లేడు కదా అనిపించింది. భర్త ఉన్న రోజుల్లో ఆయన పేపరు పక్కన పెట్టి "ఊఁ, చెప్పు" అనేవాడు. ఆ ఊఁ కోసం ప్రాణం కొట్టుకుపోయింది.

శనివారం ఒంటిపూట పని. స్లైడ్లు ఇవ్వడానికి పైకి వెళితే వరండా బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. గోళ్ల సందుల్లో నీలం రంగు ఇంకిపోయి ఉంది, ఎంత కడిగినా పోని రంగు. ఒక పక్క భార్య, ఇంకో పక్క పెద్దకూతురు. కమలాపండు ఒలిచి తొన తొనకీ గింజలు తీసి నాన్న చేతిలో పెడుతోంది. కొడుకు కాళ్ల దగ్గర నేల మీదే కూర్చున్నాడు. ఆయన ఏదో అంటే ముగ్గురూ నవ్వుతున్నారు, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంటున్నారు. పిన్ని పక్కనుంచి పోతుంటే ఆయన పిలిచాడు. "అమ్మా, ఎక్స్‌రే గది ఎటండీ? సోమవారం కోతకి ముందు ఇంకోటి తీయాలట."

ఎక్స్‌రే గది ఎటో ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చెయ్యి మాత్రం చూపించింది. ఆయన దగ్గుతూ లేచాడు. ముగ్గురూ ఒక్కసారిగా పట్టుకున్నారు. అంతే. ముక్కూ మొహం తెలియని మనిషి అనుకోవడానికి ఇక కుదరలేదు.

ఆదివారం పొద్దున రెండు బస్సులు మారి పెద్దాయన ఇంటికి వెళ్లింది. పెద్దాయనంటే పరిశోధన విభాగానికి అధిపతి, పైన ఎవరు గట్టిగా మాట్లాడినా ఆయన గది ముందుకి రాగానే గొంతు తగ్గిస్తారు. నిక్కరు వేసుకుని గొట్టంతో మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు.

"సార్, నలభై రెండో దిమ్మకి ముందు నేను నీళ్లు తుడవలేదు. ఆ గుంపు నలభై ఒకటిదై ఉంటుంది. రేపు ఆపరేషన్ ఆపండి."

ఆయన చేతిలోని గొట్టం నీళ్లు ఒకే మొక్క మొదట్లోకి పోతూనే ఉన్నాయి. "మీరా?" అన్నాడు. "మీరెందుకు మర్చిపోతారమ్మా?"

"మధ్యలో లేచాను సార్."

"ఎందుకు లేచారు?"

"పైన ఫొటో తీయడానికి పిలిచారు."

ఆ ఫొటో మధ్యలో నిలబడింది ఆయనే. ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో ఆమెకి తెలియలేదు. "ఎవరు పిలిస్తే మాత్రం, తొట్టి వదిలేసి వస్తారా?" అని అరిచాడు. అంతలోనే గొట్టం కింద పడేసి, "ఉండండి, చొక్కా వేసుకొస్తాను" అన్నాడు.

ఇద్దరూ ఆస్పత్రికి వచ్చారు. దిమ్మని మళ్లీ కోయాలి. కానీ తప్పు చేసిన చెయ్యి ముట్టుకోకూడదు, అది పద్ధతి. చిన్న డాక్టరమ్మని పిలిపించారు. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని చక్రం తిప్పుతుంటే పొరలు చిరిగిపోతున్నాయి. పిన్ని వెనకాల చేతులు కట్టుకుని నిలబడింది. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. "తొందరొద్దు డాక్టరమ్మా. చక్రాన్ని తొయ్యకండి, జోకొట్టినట్టు తిప్పండి. ఆఁ, అదీ. ఇప్పుడు కాగితం లాగండి. మళ్లీ లాగండి." డాక్టరమ్మ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "నేను పిలవకపోయినా బాగుండేది పిన్నీ" అంది. "పిలవకపోతే నాకు కేకు ఎవరు పెట్టేవాళ్లు? ముందు చూసి కోయండి, వేలు తెగుతుంది" అని కసిరింది పిన్ని.

దిమ్మ లోతుల్లోంచి ముప్పై పొరలు తీశారు. పీచు కనిపించింది, అక్కడక్కడా బూజు కనిపించింది. క్యాన్సర్ ఒక్కదాన్లోనూ లేదు. మొదటి స్లైడు మీది గుంపుకి రక్తం గ్రూపు పరీక్ష కూడా పెట్టారు. రంగులాయన గ్రూపు వేరు, ఆ గుంపు వేరు. నలభై ఒకటితో సరిపోయింది. పెద్దాయన సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తి గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత పిన్ని వైపు చూడకుండా చెప్పాడు. "మిషను దగ్గర ఇక కూర్చోకండి. రేపట్నుంచి గాజుసామాను కడిగే చోటికి వెళ్లండి. పొడిగింపు సంగతి... నేను చేయగలిగింది లేదమ్మా."

"తెలుసు సార్" అంది.

సోమవారం పొద్దున ఆమె కడిగే గదిలో మోచేతుల దాకా సబ్బు నురగతో ఉంది. తలుపు దగ్గర ఎవరో దగ్గారు. రంగులాయన, ఒక్కడే.

"మీరేనటగా" అన్నాడు. "పెద్దాయన చెప్పారు. ఎవరి పొరపాటని నేనే గొడవపెట్టి అడిగాను."

పిన్ని చేతులు తుడుచుకోను కూడా లేదు. "నేనేనండీ. తొమ్మిది రోజులు మిమ్మల్ని చంపేశాను. తిట్టండి. కొట్టినా పడతాను."

ఆయన తిట్టలేదు. ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఇంట్లోవాళ్లకి ఇంకా చెప్పలేదమ్మా. పైన బెంచీ మీదే ఉన్నారు, ఏదో రక్తపరీక్ష అనుకుంటున్నారు." గొంతు తగ్గించాడు. "పెద్దపిల్ల నాతో మాట్లాడి నాలుగేళ్లయింది. నేనే ఒక మాట తూలాను లెండి. ఈ కబురు తెలిశాక రాత్రికి రాత్రి వచ్చి వాలిపోయింది. వాడు, నా కొడుకు, ఇంట్లోనే ఉంటాడు, కంచం పట్టుకుని తన గదిలోకి పోయేవాడు. ఇప్పుడు నా పక్కన కూర్చుని తింటున్నాడు. మా ఆవిడ నా దగ్గు వింటే విసుక్కునేది, ఇప్పుడు వీపు నిమురుతోంది. ఈ తొమ్మిది రోజుల్లాంటి రోజులు నా పెళ్లయినప్పట్నుంచీ లేవమ్మా. ఇంకొక్క వారం చెప్పకుండా ఉంటే ఎవరికి నష్టం? మీరూ పెద్దాయనకి ఒక మాట చెప్పి..."

"మీకేమైనా మతి పోయిందా అన్నయ్యా?" పిన్ని గొంతు ఆ గదిలో ఖంగుమంది. "ఆ పిల్ల కళ్లు చూశారా ఎలా వాచిపోయాయో? శనివారం నేను చూశాను. ఇంకో వారం ఏడిపిస్తారా దాన్ని, మీకు కమలాపండు ఒలిచి పెడుతుందని?"

ఆయన తల దించుకున్నాడు. "మీకు ఎవరున్నారు చెల్లెమ్మా?" అన్నాడు.

"ఎవరూ లేరు."

"ఒకవేళ ఉండి, ఇలా జరిగితే?"

ఆమెకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నేనూ మీలాగే ఇంకో వారం అడిగేదాన్నేమో. ఇంకో నెల అడిగేదాన్నేమో" అంది. "అయినా పదండి. చెప్పాల్సిందే."

"నాకు ధైర్యం లేదు. మీరు రండి."

ఇద్దరూ మెట్లెక్కారు. బెంచీ మీది ముగ్గురూ వాళ్లని చూసి లేచి నిలబడ్డారు. ఆయన పిన్నిని ముందుకి తోసి తను వెనక నిలబడ్డాడు. ఆమె తడిచేతులతోనే చెప్పింది. "ఆయనకి క్యాన్సర్ లేదు. వేరేవాళ్ల ముక్క ఆయన స్లైడు మీద పడింది. నా పొరపాటు. దగ్గుకి మాత్ర వేసుకోవాలి, రంగు పొగ మానేయాలి, అంతే. ఆపరేషన్ లేదు."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. "అంటే నాన్నకి ఏం లేదా?" అంది పెద్దకూతురు. "లేదమ్మా" అంది పిన్ని. భార్య ఒక్క కేక పెట్టి ఎవరు ఎదురుగా ఉంటే వాళ్లని వాటేసుకుంది. ఎదురుగా ఉన్నది పిన్ని. పదకొండేళ్లుగా ఎవరూ ముట్టుకోని మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అలాగే గాల్లో పట్టుకుని నిలబడింది. "చంపేశావు కదమ్మా! చంపేసి బతికించావు కదమ్మా!" అని ఆవిడ భుజం మీద గుద్దుతూ ఏడ్చింది. కొడుకు తండ్రి వీపు మీద ఒక్కటి చరిచి, గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. కూతురు తండ్రి చొక్కా పట్టుకుని ఆయన గుండెల మీద తల ఆనించి చాలాసేపు వదల్లేదు.

తర్వాత అందరూ కళ్లు తుడుచుకున్నారు. కొడుకు ఫోను తీసి చూసుకుంటూ, షాపువాడు పొద్దున్నుంచి పిలుస్తున్నాడని రెండడుగులు పక్కకి వెళ్లాడు. భార్య సంచీలు సర్దుతూ, "ఇక దగ్గితే ఊరుకోను, ఆ పిచికారీ ముట్టుకున్నావో చూడు" అని మొదలుపెట్టింది. కూతురు గోడ గడియారం వైపు చూసింది.

"అయితే నాన్నా, నేను రెండు గంటల బస్సుకి వెళ్లిపోనా? అక్కడ పిల్లల్ని పక్కింట్లో వదిలేసి వచ్చాను. సెలవు కూడా లేదు."

ఆయన తల తిప్పి పిన్ని వైపు చూశాడు. పిన్ని చూపు తిప్పుకోలేదు, తిప్పుకుంటే ఆయనని ఒక్కణ్ణే వదిలేసినట్టవుతుందనిపించింది.

"వెళ్లమ్మా" అన్నాడాయన. "నాకేం, బాగానే ఉన్నాగా."